మందిరం లెక్క, బడి లెక్క

(దుర్గిలో చేసిన జాషువా స్మారకోపన్యాసం)



జాషువా పేరు మీద జరిగే సభ కాబట్టి ఆయన పద్యాల గురించి చెబుతానని మీరు ఎదురుచూస్తూ ఉండవచ్చు. ఆ పని నాకంటే బాగా చేసేవాళ్లు, రాగం తీసి మరీ చేసేవాళ్లు, పల్నాట్లో ఊరికి ఇద్దరున్నారు. నేను ఆయన ఉద్యోగం దగ్గర మొదలుపెడతాను. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టిన జాషువా బతుకుతెరువు పంతులుగిరీ. గుంటూరులో లూథరన్ సంఘం నడిపిన ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో ఆయన ఏళ్లతరబడి పనిచేశారు. పల్లె బళ్లకు పంతుళ్లను తయారుచేసి పంపిన చోటు అది. 1941లో ‘గబ్బిలం’ రాసిన కవి, 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న కవి, చాలాకాలం సుద్దముక్క పట్టుకుని బతికినవాడే.

అందుకే ఈ ఏడు బడి గురించి మాట్లాడతాను. బడి గురించి మాట్లాడాలంటే మందిరం గురించి, అంటే మన చర్చి గురించి, కూడా మాట్లాడాలి. పల్నాటి రోడ్ల మీద తిరిగే వాళ్లెవరికైనా కనిపించే సంగతే ఇది. పల్లెలో పాత మందిరం పడగొట్టి కొత్తది లేపుతున్నారు. రెండంతస్తులు, గ్రానైటు, రంగుటద్దాలు, ఎల్ఈడీ తెర, ఊరవతలికి వినిపించే మైకు సెట్టు. అదే పల్లెలో ప్రాథమిక పాఠశాల ప్రహరీ సగంలో ఆగి ఉంటుంది. ఈ రెండు దృశ్యాలనూ పక్కపక్కన పెట్టి మనల్ని వెక్కిరించడం తేలిక. అది నా ఉద్దేశం కాదు. నేను ఆ మందిరంలో కూర్చునేవాణ్ణే. లోపలివాడిగానే నాలుగు మాటలు చెబుతాను.

బడి ముందొచ్చింది

అమెరికన్ లూథరన్ మిషనరీ హయ్యర్ దొర 1842 జులై 31న గుంటూరులో అడుగుపెట్టాడు. అప్పటి కలెక్టరు స్టోక్సు ఆయనకు అండగా నిలిచాడు. హయ్యర్ మొదట చేసిన పనుల్లో ముఖ్యమైనది బళ్లు తెరవడం. మధ్యలో స్వదేశం వెళ్లి వైద్యం చదువుకుని వచ్చి, 1849లో గురజాలలో కాపురం పెట్టాడు. జ్వరాల సీమగా పేరుపడ్డ పల్నాటికి రావడానికి అప్పట్లో ఉద్యోగులే జంకేవాళ్లు.

ఆయన తర్వాత వచ్చినవాళ్లు పల్లెల్లో ఏం కట్టారో మన తాతలు చెప్పేవాళ్లు. రాటలు పాతి, మీద రెల్లుగడ్డి కప్పిన పాక ఒకటి. సోమవారం నుంచి శనివారం దాకా అది బడి, ఆదివారం ప్రార్థన చేసుకునే చోటు. పంతులూ ఒక్కడే, ప్రసంగం చేసేవాడూ అతనే. 1854 ఉడ్ విధానపత్రం వచ్చాక అలాంటి బళ్లకు సర్కారు గ్రాంటు దొరికేది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల చేత చదివించి చూసి వెళ్లేవాడు. పాకకు మట్టిగోడలు, పెంకులు, సున్నం ఒక్కొక్కటిగా తర్వాత సమకూడాయి.

దోర్నకల్ కథ కూడా ఇదే చెబుతుంది. 1912 చివర వి.ఎస్. అజరయ్య అక్కడ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయన. దోర్నకల్ కేథడ్రల్ ప్రతిష్ఠ జరిగింది 1939 జనవరి 6న. అంటే ఆయన బిషప్ అయిన 26 ఏళ్లకు. ఈలోగా ఆయన మనుషులు పల్లెలకు వెళ్లారు. వాళ్లలో ఎక్కువమంది బడి పంతుళ్లు. రాయి మీద రాయి పేర్చడానికి తొందర లేదు గానీ, పిల్లల చేత అక్షరాలు దిద్దించడానికి మాత్రం తొందర ఉండేది.

ఇవాళ ఈ సభలో కూర్చున్న మాస్టార్లు, నర్సులు, గుమస్తాలు, బ్యాంకు ఉద్యోగుల ఇళ్లలో మూడు తరాలు వెనక్కి వెళితే అలాంటి పాక ఒకటి తగులుతుంది. మన జాతకం మార్చింది అదే.

ఎత్తు ఎందుకు కావాల్సి వచ్చింది

‘గబ్బిలం’లో అంటరానివాడైన కథానాయకుడు తన మొర శివుడికి వినిపించమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. ఎందుకంటే గుడిలోకి గబ్బిలం వెళ్లగలదు, అతను వెళ్లలేడు. ఆ ఒక్క కల్పనలో మన తాతముత్తాతల చరిత్ర మొత్తం ఉంది. గడప దాటనివ్వని చోట తరాల తరబడి నిలబడినవాడు, తనకంటూ ఒక గడప కట్టుకునే రోజు వస్తే దాన్ని ఎత్తుగానే కడతాడు. కూలి డబ్బుతో కట్టిన ఆ శిఖరం ఊరి నడిబొడ్డు నుంచి కూడా కనిపించాలనుకుంటాడు. దీన్ని ఆడంబరం అని కొట్టిపారేసేవాళ్లకు ఆకలి తెలుసునేమో గానీ అవమానం తెలియదు.

పెద్ద కట్టడం వృథా అని కూడా తేల్చెయ్యలేం. మెదక్ చర్చి గంటస్తంభం ఇంచుమించు 175 అడుగులు. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దాన్ని కరువు రోజుల్లో కట్టించాడు. పని కల్పించి వేలమందికి అన్నం పెట్టిన కట్టడమది. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయ్యింది. ఎత్తు చూసి తప్పుపట్టే ముందు, ఆ ఎత్తు కింద ఎవరు బతికారో కూడా చూడాలి.

కాబట్టి మందిరం ఎందుకు కట్టారని నేను అడగను. మందిరం కట్టగలిగిన శక్తి బడి దగ్గరికి వచ్చేసరికి ఎటు పోయిందన్నదే నా ప్రశ్న.

కోతపండుగ

ఆ శక్తి ఎలాంటిదో చెబుతాను. మీలో చాలామందికి తెలుసు, తెలియనివాళ్ల కోసం.

పంట ఇంటికొచ్చాక ఒక ఆదివారం ఎవరి తొలిఫలాలు వాళ్లు మందిరానికి తెస్తారు. వడ్లు, కందులు, ఎండుమిరప బస్తా, గుమ్మడికాయ, కోడిపుంజు, ఇంట్లో వండిన అరిసెలు. ఆరాధన కాగానే వేలంపాట. సంఘపెద్ద ఒక నిమ్మకాయ పైకెత్తి ‘వంద’ అంటాడు. హైదరాబాదులో తాపీపని చేస్తూ పండక్కి వచ్చిన కుర్రాడు ‘అయిదొందలు’ అంటాడు. వెనక వరసలోంచి వాడి మేనమామ ‘వెయ్యి’ అంటాడు. పంతాల మీద ఆ కాయ నాలుగు వేలకు పోతుంది. కొన్నవాడు దాన్ని మళ్లీ మందిరానికే ఇచ్చేస్తాడు, మళ్లీ పాట మొదలు. పక్కనే ఒకరు నోటుపుస్తకం పట్టుకుని కూర్చుని పేరుకెదురుగా అంకె వేస్తుంటారు. పై ఆదివారం ప్రకటనల్లో అది మొత్తం చదువుతారు. ఎవరెంతకు పాడారు, ఎవరు కట్టేశారు, ఎవరు బాకీ. బాకీదారు పేరు మూడు వారాలు వరసగా చదివితే నాలుగో వారానికి డబ్బు వచ్చి పడుతుంది.

వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక గుప్పెడు తీసి పక్కన పెట్టి, ఆదివారం మూటగట్టి తెచ్చే అలవాటు మన ఆడవాళ్లకు ఇంకా కొన్నిచోట్ల ఉంది. ఆ గుప్పెడు బియ్యం లెక్కలోకీ ఎక్కుతుంది. సిమెంటు బస్తాలు ఎన్నొచ్చాయి, ఎన్ని వాడారు, మిగిలినవి ఎవరింట్లో ఉన్నాయి అని అడిగే ముసలమ్మ ప్రతి సంఘంలోనూ ఉంటుంది. ఆమెకు చదువు రాదు, లెక్క వచ్చు. ఆమెకు జవాబు చెప్పకుండా ఏ పెద్దా తప్పించుకోలేడు. దుర్గిలో రాతి మీద చెయ్యి తిరిగినవాళ్లకు కొదవ లేదు గనక దాతల పేర్లు కూడా గోడకెక్కుతాయి.

డబ్బు పోగుచెయ్యడం, లెక్క చదవడం, నిలదీయడం, అలిగి మళ్లీ కలవడం, చివరికి పని పూర్తిచెయ్యడం. ఇవన్నీ మనకు వచ్చు. చదువు లేనివాళ్లు ఏమీ చెయ్యలేరన్న మాట పల్నాట్లో ప్రతి కొత్త మందిరం దగ్గరా అబద్ధమవుతోంది.

బడి లోపల

ఇప్పుడు అదే పల్లెలో బడికి వెళదాం. ఊరి పేరు చెప్పను, మీకు తెలిసిన ఏ ఊరైనా అనుకోండి.

అయిదో తరగతి పిల్ల ఒకామె, చురుకైన పిల్ల. సండేస్కూల్లో ఇరవైమూడో కీర్తన తడబడకుండా అప్పజెబుతుంది. ఆమె చేతికి రెండో తరగతి తెలుగు వాచకం ఇచ్చాను. మొదటి మాట దగ్గరే వేలు ఆగింది. అక్షరాలు విడివిడిగా తెలుసు, ఒత్తు వస్తే తెలియదు. రెండు మాటలు కూడబలుక్కుని నా మొహంలోకి చూసింది. కంఠస్థం చేయించినవాళ్లు మనమే. చదవడం రాలేదని ఇన్నేళ్లుగా గమనించనివాళ్లమూ మనమే.

ఇది ఒక్క పిల్ల సంగతి కాదు. గ్రామీణ పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2024 లెక్క ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బళ్లలో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 44.8 శాతం. సగం మందికి పైగా చదవలేరు.

పంతుళ్లను తిడితే సరిపోదు. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారమే 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు. తరగతులేమో అయిదు. ఒకరు ట్రైనింగుకు వెళితే మిగిలేది ఒక్కరు. ఆ ఒక్కరే హాజరు, భోజనం లెక్కలన్నీ ఫోన్లోకి ఎక్కించాలి. 2022లో మన రాష్ట్ర ప్రభుత్వం 117 నంబరు జీవో వచ్చి మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని చాలాచోట్ల హైస్కూళ్లకు తరలించింది. ప్రభుత్వం మారాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఈ తిప్పుడులో పల్లె బడి నుంచి కాన్వెంటు బస్సెక్కిన పిల్లలు మళ్లీ తిరిగి రాలేదు.

కట్టడాల సంగతీ అంతే. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన బళ్ల బాగుచేత పథకం ‘నాడు–నేడు’ మొదటి విడతలో 15,715 బళ్లను తీసుకున్నారు. బల్లలు, రంగులు, నీళ్లు, మరుగుదొడ్లు వచ్చినచోట నిజంగానే వచ్చాయి. రెండో విడతలో చాలాచోట్ల గోడలు లేచి కప్పు లేకుండా ఆగిపోయాయి. సగం కట్టిన గదిని మనం మందిరంలో ఒక్క ఏడాది భరిస్తామా? బళ్లో ఏళ్లతరబడి భరిస్తున్నాం.

ఎందుకు భరిస్తున్నాం? కారణం చేదుగా ఉంటుంది. మందిర కమిటీలో కూర్చునే పెద్దల పిల్లలు ఆ బళ్లో లేరు. మాచర్లలోనో పిడుగురాళ్లలోనో ఇంగ్లీషు మీడియంలో ఉన్నారు. ఉద్యోగస్తుడు వెళ్లిపోయాడు, కాస్త పొలమున్నవాడు వెళ్లిపోయాడు, చివరికి అప్పు పుట్టినవాడూ వెళ్లిపోయాడు. బళ్లో మిగిలింది పత్తి తీతలకూ మిరపకోతలకూ వలసపోయే ఇళ్ల పిల్లలు. వాళ్ల అమ్మానాన్నలకు గొంతు లేదు. గొంతున్నవాళ్లకు ఆ బడితో పని లేదు. బడిని చంపింది ఈ ఎడమే.

అభ్యంతరాలు

మా డబ్బు మా ఇష్టం అంటారు కొందరు. నిజమే. కూలి చేసుకున్న డబ్బు మీద ఎవరికీ పెత్తనం లేదు. ఒక్క మాట మాత్రం గుర్తుచేస్తాను. నాలుగో శతాబ్దం చివర అంతియొకయలో ప్రసంగాలు చేసిన యోహాను క్రిసోస్తోం, గుడికి పట్టుబట్టలు కప్పి బయట చలికి వణికే మనిషిని వదిలేయడమేమిటని తన సంఘాన్నే నిలదీశాడు. పల్నాటి లూథరన్లకైతే ఇంకా దగ్గరి సాక్షి ఉన్నాడు. మార్టిన్ లూథర్ 1524లో జర్మనీ పట్టణాల పాలకులకు ఒక బహిరంగ లేఖ రాశాడు. తుపాకులకూ దారులకూ వంతెనలకూ అంత పోస్తున్నవాళ్లు బళ్లకు కూడా ఎందుకు పెట్టరన్నది ఆ లేఖ సారం. ఆయన పేరు పెట్టుకున్న సంఘం బడిని మరచిపోతే చెప్పుకోవడానికి బాగుండదు.

గుడులు, మసీదులు కనిపించవా, చర్చీలే దొరికాయా అంటారు ఇంకొందరు. కనిపిస్తాయి. యాదాద్రి ఆలయానికి తెలంగాణ ప్రభుత్వం వందల కోట్లు పోసింది. చాలా ఊళ్లలో పాత రామాలయం పడగొట్టి కొత్తది కడుతున్నారు. వాళ్లింటి సంగతి వాళ్లింట్లో పుట్టినవాళ్లు అడగాలి. నేను మా ఇంట్లో అడుగుతున్నాను. కావాలంటే వాళ్లకూ పనికొచ్చే పాత లెక్క ఒకటి ఉంది. దుర్గి గుడిలో కాకతీయుల నాటి శాసనాలున్నాయి. ఆ కాలానిదే, 1261 నాటి మల్కాపురం శాసనం, ఇప్పటి అమరావతి దగ్గరిది. గణపతిదేవుడూ రుద్రమదేవీ ఇచ్చిన ఊళ్ల రాబడితో విశ్వేశ్వర శివాచార్యుడు గుడి ఒక్కటే పెట్టలేదు. దానికి ఆనుకుని మఠం, విద్యాలయం, ప్రసూతిశాల, అన్నసత్రం పెట్టాడు. అధ్యాపకులతోపాటు ఒక వైద్యుణ్ణీ, లెక్కలు రాసే కాయస్థుణ్ణీ నియమించాడు. ఆ విద్యాలయంలో మన పూర్వీకులకు చోటుండేది కాదు, నిజమే. గుడి రాబడిలో చదువుకూ వాటా ఉండాలన్న తెలివి మాత్రం ఈ నేలదే.

బడి సర్కారుది కదా, మన కానుకలు దానికెందుకు అన్నది మూడో అభ్యంతరం. దీంతో నాకు పూర్తి ఏకీభావం ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచితంగా చదువు చెప్పించడం ప్రభుత్వ బాధ్యత. అగ్గిపెట్టె కొన్నా పన్ను కడుతున్నాం. కానుకలతో బడి కప్పు వేయిస్తే ప్రభుత్వం చేతులు దులుపుకుంటుంది. నేను చందా అడగడం లేదు, తగాదా అడుగుతున్నాను. మందిరంలో సిమెంటు బస్తా కోసం పడే తగాదా, బళ్లో టీచరు పోస్టు కోసం పడమంటున్నాను.

అడగడానికి చోటు కూడా చట్టమే చూపించింది. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడికి ఏం కావాలో ప్రణాళిక రాసే అధికారం ఆ కమిటీది. 2025 జూన్‌లో ‘తల్లికి వందనం’ అనే ప్రభుత్వ పథకం కింద ఒక్కో బిడ్డకు 15,000 రూపాయల చొప్పున ఇస్తూ 13,000 తల్లి ఖాతాలో వేశారు. 2,000 బడి నిర్వహణకని పట్టుకున్నారు. 60 మంది పిల్లలున్న బడి లెక్కన అది 1,20,000 రూపాయలు. ఆ డబ్బులో మన బడికి ఎంతొచ్చింది, మరుగుదొడ్డి కడిగే ఆయమ్మకు ఎంతిచ్చారు, ఫినాయిల్‌కు ఎంతయింది? నిమ్మకాయ వేలం బాకీని మూడు వారాలు చదివించే మనం, ఈ లక్షా ఇరవై వేల లెక్క ఒక్కసారైనా చదివించామా?

వాయిదా పడ్డ ఆసుపత్రి

‘తర్వాత చూద్దాం’ అన్న మాట ఎంత దూరం పోతుందో చెప్పే కథ ఒకటుంది. ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్ దేశంలో యముసుక్రో అనే ఊరుంది. ఆ దేశపు అప్పటి అధ్యక్షుడు తన సొంతూరైన అక్కడ ప్రపంచంలోకెల్లా పెద్ద చర్చీల్లో ఒకటి కట్టించాడు. ప్రతిష్ఠ చెయ్యడానికి రెండో జాన్ పాల్ పోప్ ఒక షరతు పెట్టాడు, పక్కనే ఆసుపత్రి కూడా కట్టాలని. 1990 సెప్టెంబరు 10న ప్రతిష్ఠ జరిగింది, ఆసుపత్రికి పునాదిరాయీ పడింది. ఆ ఆసుపత్రి తలుపులు తెరుచుకోవడానికి ఇంచుమించు పాతికేళ్లు పట్టింది.

పోప్ మాటకే పాతికేళ్లు పట్టింది. ‘మందిరం కానివ్వండి, తర్వాత బడి సంగతి చూద్దాం’ అనే మన కమిటీ పెద్దల మాటకు ఎన్నేళ్లు పడుతుంది? బిడ్డకు అయిదో తరగతి జీవితంలో ఒక్కసారే వస్తుంది. మందిరం శిఖరం పదేళ్లు ఆగినా శిఖరమే. పదేళ్లు ఆగిన చదువు చదువు కాదు, కూలి.

చెయ్యగలిగినవి

ఖర్చు లేనివి ముందు చెబుతాను.

మొదటిది, మందిరం తలుపులు. కొత్త మందిరాల్లో ఫ్యాన్లున్నాయి, లైట్లున్నాయి, ఇన్వర్టరుంది. వారానికి నాలుగైదు రోజులు సాయంత్రం తాళమే. ఆరు నుంచి ఎనిమిది దాకా ఆ తాళం తీసి పిల్లల్ని చదువుకోనివ్వండి. ఏ మతం పిల్లలైనా సరే, ప్రార్థన పెట్టకుండా, పాట నేర్పకుండా, పుస్తకం మాత్రమే. పల్నాటి బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులాలనూ ఒక చాప మీద కూర్చోబెట్టాడని మాచర్ల చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పుకుంటాయి. ఆ పేరు నిలబెట్టే పని ఇంతకంటే చవకగా దొరకదు.

రెండోది, ప్రకటనలు. ప్రతి నెలా ఒక ఆదివారం, పెళ్లిళ్ల ప్రకటనల తర్వాత, బడి లెక్క చదవండి. పిల్లలెందరు, టీచర్లెందరు, ఖాళీలెన్ని, నీళ్లొస్తున్నాయా, మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెడుతున్నారా. బడి కమిటీలో ఉన్న తల్లి లేచి నిలబడి చదవాలి. ఆమెకు చదవడం రాకపోతే నోటితో చెబుతుంది. ఆమె మాటకు మండల విద్యాధికారి విలువ ఇవ్వకపోవచ్చు, ఆమె వెనక సంఘం మొత్తం నిలబడితే ఇవ్వక తప్పదు.

మూడోది, కాస్త ఖర్చున్నది. పల్లెలో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న ఆడపిల్లలున్నారు. మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లల చేత రోజూ గంటసేపు గట్టిగా చదివించడానికి ఒకరికి నెలజీతం ఇవ్వండి. మైకు సెట్టు కొత్తది కొనే ఏడాది కొనకుండా ఆపితే ఆ జీతం వచ్చేస్తుంది. ఇది బడి టీచరుకు బదులు కాదు. టీచరు పోస్టు అడగడం అడగడమే, ఈలోగా పిల్ల వయసు ఆగదు గనక ఈ పని.

నాలుగోది, మందిర నిర్మాణ కమిటీకి ఒక నియమం. రెండో అంతస్తుకూ గంటస్తంభానికీ తీర్మానం రాసే ముందు, పల్లె బడికి కమిటీ మొత్తం వెళ్లి ఒక పూట కూర్చోవాలి. అయిదో తరగతి పిల్లలందరి చేతా చదివించి వినాలి. ఎందరు చదవగలిగారో ఆ తీర్మానం పుస్తకంలోనే మొదటి వాక్యంగా రాయాలి. తర్వాత స్తంభం కట్టుకోండి, నేను అడ్డు చెప్పను. ఆ అంకె కింద సంతకం పెట్టి కట్టండి.

జాషువాను తలుచుకోవడానికి విగ్రహానికి దండ వేస్తాం, పద్యం పాడతాం. రెండూ మంచివే. ఆయన తయారుచేసి పంపిన పంతుళ్లు చదువు చెప్పిన పల్లెల్లో పిల్లలకు చదవడం రాకపోతే ఆ పద్యాన్ని రేపు ఎవరు చదువుతారు? పంటలు ఇంటికి రాబోతున్నాయి, కోతపండుగ వస్తుంది. ఈసారి వేలం లెక్క చదివిన చోటే బడి లెక్క కూడా చదవమని మీ సంఘంలో అడగండి. ఒప్పుకోకపోతే పై ఆదివారం మళ్లీ అడగండి. మనవాళ్లు మూడు వారాలకు మించి ఎవరి మాటనూ తోసెయ్యలేరు, ఆ సంగతి మీకే బాగా తెలుసు.